అపశ్రుతే అక్కడ ప్రాణం!

రెండు వాద్యాలు ఒకే శ్రుతిలో పలకాలని లోకమంతా తంటాలు పడుతుంది. బాలి ద్వీపంలో మాత్రం కావాలనే కాస్త తేడా పెడతారు. ఆ తేడాలోంచి పుట్టే 'అల' కోసమే అక్కడి కంచరివాళ్లు రోజుల తరబడి ఆకురాయి పడతారు. ఇంతకీ ఏది శ్రుతి? ఏది అపశ్రుతి? ఆ తీర్పు చెప్పేది చెవా, మెదడా, అలవాటా?

'ఉత్సవంలో అపశ్రుతి' అని పేపర్లో శీర్షిక కనిపించిందంటే ఏదో జరగరానిది జరిగిందనే అర్థం. పాటగాడు పంచమం అందుకోలేకపోతే ముందు వరసలో కూర్చున్న పెద్దాయన మొహం చిట్లిస్తాడు. కచేరీ మొదలవడానికి ముందు తంబురా తీగలు సవరిస్తూ కూర్చునే పది నిమిషాలూ అపశ్రుతి అనే భూతాన్ని తరిమేయడానికే. అలాంటిది... ఆ భూతాన్నే పిలిచి పీటేసి కూర్చోబెట్టిన ఊళ్లున్నాయంటే ఆశ్చర్యమే కదూ!

ఇండొనేషియాలోని బాలి ద్వీపంలో అలాంటి ఊళ్లు కోకొల్లలు. అక్కడి వాద్య బృందాన్ని 'గమెలాన్' అంటారు. పొద్దు వాలాక ఉబుద్ పట్టణం చుట్టుపక్కల ఏ పల్లెదారి పట్టినా రెండు శబ్దాలు పలకరిస్తాయి. ఒకటి, కోనసీమను తీసుకెళ్లి కొండవాలు మీద మెట్లుమెట్లుగా పేర్చినట్టుండే వరిమడుల్లోంచి కప్పల బెకబెకలు. రెండోది, ఊరి నడుమ గోడల్లేని మండపంలోంచి కంచు మోత. గుడిగంట మోగినట్టు 'ణంగ్'మని ఒక్కసారి మోగి సన్నగిల్లే మోత కాదది. 'వ్వం... వ్వం... వ్వం'మంటూ ఊగుతుంది. నీటి మీద పడిన దీపం వెలుతురులా వణుకుతుంది. మొదటిసారి వినేవాళ్లకు ఎక్కడో ఏదో తేడా కొడుతోందనిపిస్తుంది. నిజమే, తేడా ఉంది. ఆ తేడాను పనిగట్టుకుని పెట్టారు!

వాడకట్టుకో వాద్యబృందం

బాలిలో వాడకట్టును 'బంజార్' అంటారు. పెళ్లయినా చావయినా, గుడి పండగయినా గొడవయినా బంజార్ కలిసి కూర్చోవాల్సిందే. దానికో మండపం ఉంటుంది. చాలాచోట్ల ఆ మండపంలోనే గమెలాన్ ఉంటుంది. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు, ఊరి ఉమ్మడి ఆస్తి. పగలంతా పొలంలో దిగబడినవాళ్లు, కారు నడిపినవాళ్లు, హోటల్లో పని చేసినవాళ్లు, బళ్లో పాఠం చెప్పినవాళ్లు రాత్రయ్యేసరికి చెప్పులు బయట విడిచి వాద్యాల ముందు చేరతారు. బాగా పేరున్న 'గోంగ్ కెబ్యార్' తరహా బృందంలో పాతిక నుంచి ముప్ఫై మంది వాయిస్తారు. ముందు స్వరాల కాగితం ఉండదు. గురువు వాయించింది చూసి, విని, చేతికి ఎక్కించుకోవడమే.

వాద్యాన్ని కాలితో దాటడం మహా తప్పు. మనింట్లో పిల్లలు పొరపాటున పుస్తకం తొక్కితే కళ్లకద్దుకోమంటాం... అలాంటిదే. పెద్ద గోంగ్‌లో దైవశక్తి ఉంటుందని నమ్ముతారు. వాయించే ముందు కొబ్బరాకు దొన్నెలో పూలు పెట్టి, అగరొత్తి వెలిగిస్తారు. మనకు ఆయుధపూజ ఉన్నట్టే వాళ్లకు 'తుంపెక్ క్రులుత్' అనే రోజు 210 రోజులకోసారి వస్తుంది. ఆరోజు వాద్యాలకు పూజ.

స్వరాల పేర్లూ తమాషాగా ఉంటాయి. డింగ్, డాంగ్, డెంగ్, డుంగ్, దాంగ్. అచ్చం గుణింతం చెప్పినట్టు! ఆ అయిదు స్వరాలే కంచు పలకలుగా మారి, వెదురు గొట్టాల మీద వేలాడుతుంటాయి. ఈ వాద్యం పేరు గంగ్సా. వాద్యకారుడు కుడిచేత్తో చిన్న సుత్తి పట్టి పలకను కొడతాడు, ఎడమచేత్తో అంతకుముందు కొట్టిన పలకను పట్టి దాని మోత ఆపుతాడు. ఇదంతా రెప్పపాటులో జరగాలి. ఇంకా వేగం కావాలంటే బాణీని ఇద్దరు పంచుకుంటారు. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు రెండు రోకళ్లతో ఒకరి తర్వాత ఒకరు పోటు వేసినట్టన్నమాట. ఒకరు వదిలిన ఖాళీలో రెండోవారి దెబ్బ పడుతుంది. వినేవాళ్లకు ఒక్కరే మెరుపు వేగంతో వాయిస్తున్నట్టుంటుంది. ఈ అల్లికను 'కొతెకాన్' అంటారు.

కవలలే... కానీ!

అసలు విశేషం జంటల్లో ఉంది. దాదాపు ప్రతి గంగ్సాకూ ఓ జత ఉంటుంది. అదే కొలత, అవే స్వరాలు, అదే చెక్కడం. చూడ్డానికి కవలపిల్లలే. కానీ ఒకదాని శ్రుతి రెండోదానికన్నా పిసరంత తక్కువ. తక్కువదాన్ని 'పెంగుంబాంగ్' అంటారు. తుమ్మెదలా ఝుమ్మనేదని భావం. ఎక్కువదాన్ని 'పెంగిసెప్' అంటారు. అంటే పీల్చేది.

ఉదాహరణకు ఒక పలక సెకనుకు 400 సార్లు కంపిస్తుందనుకుందాం. దాని జత 407 సార్లు కంపిస్తుంది. రెంటినీ కలిపి కొడితే సెకనుకు ఏడుసార్లు మోత పెరిగి తగ్గుతుంది. రెండు కంపనాలూ ఒక్కోసారి చేతులు కలిపి బలపడతాయి. ఒక్కోసారి ఒకదాన్నొకటి తోసుకుని నీరసిస్తాయి. ఇంటర్ ఫిజిక్సు చదివిన పిల్లలకు దీని పేరు చెప్పక్కర్లేదు. శృతిదండాల పాఠంలో వచ్చే 'విస్పందనాలు' ఇవే! బాలివాళ్లు మాత్రం అంత పెద్ద మాట వాడరు. 'ఒంబాక్' అంటారు. అంటే, అల.

ఈ అల వేగం ఒక్కో బృందానికి ఒక్కోలా ఉంటుంది. సాధారణంగా సెకనుకు అయిదు నుంచి పది మధ్య. ఎంత ఉండాలన్నది ఆ ఊరి ఇష్టం. అయితే ఎంచుకున్న వేగం అడుగు స్వరం నుంచి పై స్వరం దాకా వీలైనంతవరకూ ఒకేలా ఉండాలి. చెప్పడం తేలికే, చేయడం అంత తేలిక కాదు. 100 కంపనాల దగ్గర ఏడు తేడా అంటే పక్క స్వరస్థానం దాకా వెళ్లిపోయినట్టు. అదే ఏడు 800 దగ్గర పిసరంత తేడానే. అంటే, ప్రతి జంటకూ వేరే కొలత కావాలి. అలా కుదిరినప్పుడే గమెలాన్ బతికినట్టు. జంటలో తేడా పోయి రెండూ ఒకే శ్రుతిలో పలికితే ఆ మోతలో జీవం లేదంటారు.

చెవిలో సీటు గొడవ

మరి ఇదే తేడా మన పాటలో వస్తే చెవి ఎందుకు గిలగిల్లాడుతుంది? బాలి మోతలో ఎందుకు హాయిగా ఉంటుంది? ఇది తెలియాలంటే చెవి లోపలికి ఓ ప్రయాణం చెయ్యాలి.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టచుట్టుకున్న కాక్లియా ఉంటుంది. దాన్ని విప్పి చాపితే మూడున్నర సెంటీమీటర్ల పొడవుండే సన్నని పొర కనిపిస్తుంది. ఒక్కో స్వరానికి ఆ పొర మీద ఒక్కో చోటు. కీచుమనే స్వరాలకు గుమ్మం దగ్గర, బొంగురు స్వరాలకు చిట్టచివర. ఏ స్వరం వస్తే ఆ చోట పొర ఎక్కువగా ఊగుతుంది, అక్కడున్న సన్నటి రోమకణాలు మెదడుకు కబురు పంపుతాయి. ఒక్కో చెవిలో అలాంటి కణాలు సుమారు 15 వేలు. ఈ ఏర్పాటును వెలికితీసినందుకే హంగరీలో పుట్టిన గెయోర్గ్ వాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది.

రెండు స్వరాలు బాగా దూరంగా ఉంటే ఎవరి చోట వాళ్లు కూర్చుంటారు. పేచీ లేదు. రెండూ మరీ దగ్గరైతే ఆర్టీసీ బస్సులో ఒకే సీటుకు ఇద్దరు కర్చీఫు వేసినట్టే. పొర మీద అదే ముక్కను రెండూ చెరోవైపు ఊపుతాయి. ఆ తోపులాటే చెవికి గరగరగా వినిపిస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1863లో అచ్చయిన తన గ్రంథంలో అపశ్రుతికి మూలం ఈ గరగరేనన్నాడు. నూరేళ్ల తర్వాత, 1965లో ప్లాంప్, లెవెల్ట్ అనే ఇద్దరు డచ్చి పరిశోధకులు మనుషులకు జంట స్వరాలు వినిపించి ఆ గరగర ఎంత దూరంలో మొదలై ఎక్కడ ముదిరి ఎక్కడ పోతుందో లెక్కగట్టారు.

ఇంట్లో రెండు ఫోన్లుంటే మీరూ చూడొచ్చు. స్వరం వినిపించే ఉచిత ఆప్‌లు బోలెడు. రెండింట్లోనూ ధ్వని తక్కువగా పెట్టి, ఒకదాంట్లో 400 హెర్ట్జ్ కదలకుండా ఉంచండి. రెండోదాంట్లో 401 పెడితే సెకనుకోసారి ఊపిరి తీసినట్టు మెల్లగా ఊగుతుంది. 407 పెడితే... ఇదిగో బాలి అల! 430కి వెళ్లండి. అల పోయి గరగర వస్తుంది, పిల్లలు 'అబ్బా ఆపు' అంటారు. 500 దాటేసరికి రెండు స్వరాలూ విడివిడిగా కుదురుకుంటాయి. 600 దగ్గర చక్కటి స-ప. ఇక్కడే ఉంది కిటుకు. అపశ్రుతి అనేది స్విచ్చు నొక్కినట్టు ఉండటం, పోవడం కాదు. ఒకే దారిలో అల ముందు వస్తుంది, గరగర తర్వాత వస్తుంది. బాలివాళ్లు గరగర దాకా వెళ్లకుండా అల దగ్గరే ఆగిపోయారు.

మరో తమాషా. 400, 430 రెంటినీ హెడ్‌ఫోన్స్‌లో చెరో చెవికి ఒక్కోటి చొప్పున వినిపిస్తే ఆ గరగర చాలావరకూ మాయమవుతుంది. ఒకే చెవిలో సీటు గొడవ లేదు కాబట్టి!

తీగ లెక్క వేరు... కంచు లెక్క వేరు

స-ప హాయిగా ఎందుకుంటాయన్న ప్రశ్న ఈనాటిది కాదు. తీగ పొడవులు 2:1, 3:2, 4:3 లాంటి చిన్న అంకెల్లో ఉంటే స్వరాలు కలుస్తాయని గ్రీకులు పైథాగరస్ పేరు మీద చెప్పుకున్నారు. మన భరతముని నాట్యశాస్త్రంలో ఇంకా నిక్కచ్చిగా చెప్పాడు. తొమ్మిది లేక పదమూడు శ్రుతుల దూరంలో ఉన్న స్వరాలు సంవాదులు. రెండు శ్రుతుల దూరంలో ఉన్నవి వివాదులు. సంవాదం అంటే మాట కలవడం, వివాదం అంటే తగువు. పేరులోనే అంతా ఉంది.

ఆ చిన్న అంకెల రహస్యం తీగలో దాగుంది. సెకనుకు 200 సార్లు కంపించే తీగ ఆ ఒక్క స్వరంతో ఊరుకోదు. 400, 600, 800, 1000, 1200 అంటూ రెట్టింపులు, మూడింతలు కూడా తనలోనే పలుకుతుంది. ఇవే అనుస్వరాలు. దాని పంచమం 300. అది పలికేవి 600, 900, 1200. చూశారా... 600 దగ్గర ఒకసారి, 1200 దగ్గర మరోసారి రెండూ ఒకే సీట్లో ఒద్దికగా సర్దుకున్నాయి. మిగతావి దూరదూరంగా ఉన్నాయి. అదే షడ్జమం పక్కనే శుద్ధ రిషభం పెడితే 200కి 213, 400కి 427, 600కి 640... ప్రతి మెట్టు దగ్గరా తోపులాటే!

తంబురా మహిమ కూడా ఇదే. తీగ కింద సన్నటి నూలుపోగును అటూఇటూ జరిపితే అనుస్వరాలన్నీ తేనెటీగల తుట్టె కదిలినట్టు ఒక్కసారి ఝుమ్మంటాయి. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి.రామన్‌ను ఈ ఝంకారం ఎంతగా ఆకట్టుకుందంటే, వీణ, తంబురాల మీద పరిశోధన చేసి 1921లో వ్యాసం ప్రచురించారు.

కానీ కంచు పలకకు ఈ లెక్క వర్తించదు. అంతటా ఒకే మందం ఉన్న పలక మూలస్వరం 200 అనుకుంటే, దాని తర్వాతి పలుకు 400 కాదు, దాదాపు 550. ఆ తర్వాతిది దాదాపు 1080. రెట్టింపులూ లేవు, మూడింతలూ లేవు. ఇక తీగల కోసం కట్టిన మెట్లు కంచుకు ఎలా సరిపోతాయి? గమెలాన్ స్వరాలను పియానో పక్కన పెట్టి చూస్తే ఒక్కటీ సరిగ్గా కలవకపోవడానికి ఓ కారణం ఇదేనని 1990ల్లో అమెరికన్ పరిశోధకుడు విలియం సెథారెస్ వాదించాడు. ఏ వస్తువు మోగుతుందో దాన్ని బట్టే దానికి నప్పే స్వరాలుంటాయని ఆయన సిద్ధాంతం. ఇది కేవలం ఊహేనా అన్న సందేహం 2024లో కొంత తీరింది. ఓ అంతర్జాతీయ బృందం నాలుగు వేల మందికి పైగా శ్రోతలతో చేసిన ప్రయోగాల ఫలితాలు 'నేచర్ కమ్యూనికేషన్స్'లో వచ్చాయి. గమెలాన్‌లోని బొనాంగ్ అనే వాద్యం నాదాన్ని పోలిన శబ్దాలు వినిపిస్తే, గమెలాన్‌తో పరిచయం అక్కర్లేని శ్రోతలకు కూడా జావా 'స్లెండ్రో' స్వరాలకు దగ్గరి దూరాలే నచ్చాయి. మరో ముచ్చటేమిటంటే, మామూలు నాదాల్లోనూ కొన్నిచోట్ల లెక్కకు నూటికి నూరుపాళ్లు సరిపోయినదానికన్నా పిసరు పక్కకు జరిగి మెల్లగా ఊగేదే వాళ్లకు ఎక్కువ నచ్చింది. బాలి కంచరి చెవి ఎన్నో తరాల కిందట పట్టుకున్నది ప్రయోగశాల ఇప్పుడు పట్టుకుందన్నమాట.

మెదడు ఏమంటుంది?

చెవి కబురు మోస్తుంది, తీర్పు మెదడుది. శ్రుతి తప్పిన జంట స్వరాలు విన్నప్పుడు మెదడులోని శ్రవణ భాగంలో నాడీకణాలు ఆ గరగర లయకు తగ్గట్టే స్పందిస్తాయని 2001లో వెలువడిన పరిశోధన చెప్పింది. అంతకు రెండేళ్ల ముందు కెనడాలోని మాంట్రియల్‌లో, శ్రుతి నుంచి అపశ్రుతికి మెల్లగా జారే బాణీలు వినిపిస్తూ మెదడు చిత్రాలు తీశారు. శ్రుతి చెడేకొద్దీ ఒక భాగం, కుదిరేకొద్దీ మరో భాగం చురుకందుకున్నాయి. ఆ భాగాలు సంగీతానివి మాత్రమే కావు, ఇష్టాయిష్టాలతో సంబంధం ఉన్నవి.

గరగర ఒక్కటే కారణం కాదని కూడా తేలింది. కలిసి వచ్చిన స్వరాలన్నీ ఒకే గొంతులోంచి వచ్చినట్టు ఒక వరసలో అమరుతున్నాయా అని మెదడు చూసుకుంటుంది. అమరితే సుఖంగా ఉంటుంది. సంగీతం నేర్చుకున్నవాళ్లలో ఈ ఇష్టం మరింత గట్టిగా ఉందని 2010లో జోష్ మెక్‌డెర్మాట్ బృందం గమనించింది. అంటే, సాధనతో పెరిగే ఇష్టమన్నమాట.

అదే మెక్‌డెర్మాట్, తోటి పరిశోధకులు తర్వాత బొలీవియా అడవులకు వెళ్లారు. అమెజాన్ పరీవాహకంలో ఉండే 'చిమానే' జాతివాళ్లు పాటలు పాడుకుంటారు కానీ పలువురు కలిసి వేర్వేరు స్వరాలు పాడే అలవాటు లేదు. పాశ్చాత్య సంగీతం పెద్దగా వినని ఆ పల్లెల్లో శ్రుతి కలిసినవీ కలవనివీ రెండు రకాల స్వరగుచ్ఛాలూ వినిపిస్తే... రెండూ ఒకేలా బాగున్నాయన్నారు! 2016లో 'నేచర్'లో వచ్చిన ఈ ఫలితం పెద్ద చర్చే లేపింది. అలాగని వాళ్ల చెవులు మొద్దుబారినవి కావు. ఉత్త గరగర శబ్దం వినిపిస్తే అమెరికన్లలాగే వాళ్లూ మొహం తిప్పుకున్నారు.

పసిపిల్లల సంగతి చూద్దామంటే అక్కడా ఏకాభిప్రాయం లేదు. రెండు నుంచి నాలుగు నెలల పాపలు శ్రుతి కలిసిన స్వరాలనే ఎక్కువసేపు విన్నారని కొన్ని ప్రయోగాలు చెబితే, అలాంటి తేడా ఏమీ కనిపించలేదని 2014లో మరో ప్రయోగం చెప్పింది. ఇవన్నీ కలిపి చూస్తే ఒకటి మాత్రం అర్థమవుతుంది. గరగరను పసిగట్టడం పుట్టుకతో వచ్చిన చెవి పని. దాన్ని ఎక్కడ తప్పనాలో, ఎక్కడ అందమనాలో చాలావరకూ పెరిగిన ఇల్లు నేర్పుతుంది. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ ఊరి మండపంలో ఒంబాక్ వింటూ పెరిగిన పిల్లవాడికి అదే శ్రుతి. తంబురా వింటూ పెరిగిన పిల్లకు ఆ అలను సున్నా చేయడమే శ్రుతి.

కంచరి ఆకురాయి

బాలి తూర్పున క్లుంగ్‌కుంగ్ జిల్లాలో తిహింగాన్ అనే ఊరుంది. వాద్యాలు పోసే 'పాండే' కులస్థులకు అది పేరెన్నికగన్న చోటు. పది పాళ్లు రాగికి మూడు పాళ్లు తగరం కలిపి కరిగిస్తారు. బొగ్గుల కొలిమిలో ఎర్రగా కాలిన కంచును సుత్తులతో మోది గుండ్రటి గోంగ్‌లు, పలకలు తయారుచేస్తారు. మరీ పెద్ద గోంగ్‌లు మాత్రం జావా నుంచి తెప్పించుకోవడం పాత అలవాటు.

అక్కడితో పని సగమే అయినట్టు. మిగతా సగం శ్రుతి చేయడం. పలక అడుగున నడుమభాగం అరగదీస్తే స్వరం కిందికి దిగుతుంది. కొసలు అరగదీస్తే పైకి లేస్తుంది. ఆకురాయి నాలుగుసార్లు ఎక్కువ పడితే మళ్లీ రెండోవైపు నుంచి సరిచేసుకోవాలి. కింద వేలాడే వెదురు గొట్టంలోని గాలి కూడా అదే స్వరానికి పలకాలి, లేకపోతే మోత మూగబోతుంది. ఒక పలక కుదిరాక దాని జతను పక్కన పెట్టి, రెంటినీ కలిపి కొట్టి, అల లెక్కపెడతారు. గీస్తారు. మళ్లీ వింటారు. కొత్త కంచు కుదుటపడటానికి కొన్నేళ్లు పడుతుంది. ఆ లోపు స్వరం జారుతుంటుంది కనుక మళ్లీ వచ్చి గీయాల్సిందే. ఇప్పుడు స్వరాన్ని అంకెల్లో చూపించే పరికరాలు చేతిలో ఉన్నాయి. కానీ ఎంత అల ఉంటే ఆ ఊరికి మనసొప్పుతుందో ఏ పరికరమూ చెప్పదు.

అందుకే బాలిలో రెండు ఊళ్ల గమెలాన్‌లు ఒకేలా పలకవు. అందరికీ ఒకటే ప్రమాణ స్వరమంటూ లేదు. ఒక ఊరి గంగ్సా తీసుకెళ్లి పక్క ఊరి బృందంలో పెడితే అతకదు. ఇంటిపేరులా, యాసలా... ప్రతి ఊరికీ తనదైన శ్రుతి.

కరిగిపోయిన శ్రుతులు

బాధాకరమైన సంగతీ ఇక్కడే ఉంది. కాగితం మీద రాసి లేని ఆ శ్రుతి ఉండేది కంచులో, వాయించేవాళ్ల చెవిలో మాత్రమే. కంచు కరిగితే? శ్రుతి కూడా కరిగిపోయినట్టే.

సరిగ్గా అదే జరిగింది. 1906లో బాదుంగ్, 1908లో క్లుంగ్‌కుంగ్ రాజ్యాలు డచ్చివాళ్ల తుపాకులకు కూలిపోయాయి. లొంగడానికి ఒప్పుకోని రాజకుటుంబాలు ఎదురెళ్లి ప్రాణాలు వదిలాయి. కోటల్లో మోగిన గమెలాన్‌లకు పోషకులు లేకుండా పోయారు. చాలావరకూ ఊళ్లకు చేరాయి. సరిగ్గా ఆ సమయంలో, 1915 ప్రాంతాల్లో, ఉత్తర బాలిలో 'కెబ్యార్' పుట్టింది. ఒక్కసారిగా భగ్గుమనడం, విచ్చుకోవడం అని ఆ మాటకు అర్థం. నెమ్మదిగా నడిచే రాచ సంగీతం ముందు అది పిడుగే. కుర్రకారు ఊగిపోయారు. కొత్త వాద్యాలు కొనే స్తోమత లేని ఊళ్లు పాత గమెలాన్‌లను కరిగించి కొత్త పలకలు పోయించుకున్నాయి. అలా ఎన్నో రాచ బృందాలు, వాటితోపాటు వాటి శ్రుతులు కొలిమిలో కలిసిపోయాయి.

కెనడాలో పుట్టిన స్వరకర్త కోలిన్ మెక్‌ఫీ ఆ కాలంలోనే బాలిలో అడుగుపెట్టాడు. 1928లో అక్కడ రికార్డు చేసిన గ్రామఫోను ప్లేట్లు విని మనసు పారేసుకున్న మనిషి. 1930ల్లో ఏళ్ల తరబడి అక్కడే ఇల్లు కట్టుకుని ఉండి, ఊరూరా తిరిగి బాణీలూ శ్రుతులూ రాసుకున్నాడు. మరుగునపడుతున్న 'సెమర్ పెగులింగాన్' అనే సుకుమారమైన రాచ బృందాన్ని మళ్లీ నిలబెట్టడానికి పూనుకున్నాడు. ఆయన రాసిన 'మ్యూజిక్ ఇన్ బాలి' 1966లో, ఆయన పోయాక వెలువడింది. కరిగిపోయినవాటి జాడలు కొన్నయినా మిగిలాయంటే అలాంటివాళ్ల చలవే.

రేడియో, క్యాసెట్లు, సంగీత కళాశాలలు వచ్చాక ఇంకో ముప్పు వచ్చింది. పేరున్న బృందం శ్రుతే మాకూ కావాలని ఊళ్లు అడగడం మొదలుపెట్టాయి. పోటీల్లో నెగ్గినవాళ్ల మోతే గొప్పదన్న భావన సహజం. తప్పు పట్టడానికీ లేదు. కానీ అన్ని ఊళ్ల యాసలూ కలిసి ఒకే యాస అయిపోతే ఏం పోతుందో కోస్తా, రాయలసీమ, తెలంగాణ మాటల తీపి తెలిసిన మనకు వేరే చెప్పాలా?

ఆశ లేకపోలేదు. పాత ఏడు స్వరాల బాణీల మీద మళ్లీ మోజు పెరిగింది. 2021లో యునెస్కో గమెలాన్‌ను మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఇండొనేషియా దాటి అమెరికా, ఐరోపా, జపాన్ విశ్వవిద్యాలయాల్లోనూ గమెలాన్ నేర్పుతున్నారు. అంతెందుకు, 1977లో నాసా పంపిన వాయేజర్ నౌకల్లోని బంగారు పూత రికార్డులో జావా గమెలాన్ ఉంది, మన కేసర్‌బాయి కేర్కర్ గానమూ ఉంది. ఒకరిది కంచు శ్రుతి, మరొకరిది తంబురా శ్రుతి. రెండూ ఒకే ప్లేటు మీద సూర్యమండలపు గ్రహాలన్నిటినీ దాటి వెళ్లిపోయాయి.

మోతలన్నీ ఆగే రోజు

ఇంత మోతలో బతికే బాలి ఏడాదికోరోజు పూర్తిగా నోరు మూసుకుంటుంది. అదే 'న్యెపి'. శక సంవత్సరాది. 2023లో అయితే మన ఉగాది, వాళ్ల న్యెపి ఒకేరోజు, మార్చి 22న వచ్చాయి. ముందురోజు సాయంత్రం వెదురు, కాగితంతో చేసిన భూతాల బొమ్మల్ని మోస్తూ, తాళాలూ గోంగ్‌లూ హోరెత్తిస్తూ వీధులన్నీ తిరుగుతారు. తెల్లారితే అంతా నిశ్శబ్దం. బండ్లు తిరగవు, దీపాలు వెలగవు, విమానాశ్రయం సైతం మూతబడుతుంది. పర్యాటకులు కూడా గది దాటకూడదు. ఆ నిశ్శబ్దంలో ఒక పగలూ ఒక రాత్రీ గడిచాక, మళ్లీ ఏ మండపంలోనో మొదటి పలక మోగుతుంది. చెవులు కడిగినట్టుండే ఆ వేళ అల ఎంత స్పష్టంగా వినిపిస్తుందో ఊహించుకోవచ్చు.

వినాలని ఉందా?

* బాలికి విమానాలు దిగేది డెన్‌పసర్ దగ్గరి ఎన్గురా రాయ్ విమానాశ్రయంలో. సంగీతం కోసం వెళ్లేవాళ్లు సముద్రతీరం వదిలి కొండల వైపు ఉబుద్‌లో బస చేయడం మంచిది. అక్కడి రాజభవనం ప్రాంగణంలో రాత్రిపూట లెగోంగ్, బారోంగ్ నృత్యాలు గమెలాన్‌తో జరుగుతాయి.

* ఏటా జూన్, జులై నెలల్లో డెన్‌పసర్‌లో బాలి కళోత్సవం ఉంటుంది. రెండు గమెలాన్‌లు ఎదురెదురుగా కూర్చుని పోటీపడే రాత్రులకు జనం కిక్కిరిసిపోతారు. రెండు ఊళ్ల శ్రుతి తేడా పోల్చి వినడానికి ఇదే మంచి అవకాశం.

* తోలుబొమ్మలాటంటే ఇష్టపడేవాళ్లు 'వాయాంగ్ కులిత్' చూడాలి. మహాభారత కథలకు నాలుగే నాలుగు కంచు వాద్యాల తోడు. జంటల మధ్య అల బాగా తెలుస్తుంది.

* గుళ్లోకి వెళ్లేటప్పుడు నడుముకు కింద వస్త్రం, పైన పట్టీ కట్టుకోవాలి. వాద్యాలను దాటొద్దు, అడక్కుండా తాకొద్దు.

* బృందానికి మరీ ముందు కూర్చుంటే హోరే తప్ప అల తెలియదు. కాస్త దూరం జరిగి, పెద్ద గోంగ్ మోగాక దాని చివరి ఊపు దాకా ఆగి వినండి.